అద్దాల ముఖమా, మట్టి గోడా? హసన్‌పర్తి ఆఫీసుకు ఏది మేలు

2020లో మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరిచినప్పటి నుంచి మా బావ మనసు ఊరి మీదికి మళ్లింది. ఇప్పుడు హసన్‌పర్తి అవతల ఎకరం చెల్క కొని, నలభై మంది కూర్చునే సాఫ్ట్‌వేర్ ఆఫీసు కడతానంటున్నాడు. ఫోన్‌లో ఎలివేషన్ చూపించాడు: ముందంతా నీలం అద్దం, పక్కలకు ఏసీపీ షీట్లు (అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ ఉండే పలకలు). "అచ్చం గచ్చిబౌలి లెక్కుండాలె" అంటాడు. అక్కకేమో తాతగారి భవంతి లాంటిది కావాలి: మట్టి గోడలు, పెంకులు, నడుమ వాకిలి. సివిల్ ఇంజనీరునైన పాపానికి తీర్పు నా నెత్తిన పడింది.

అద్దం సంగతి త్వరగా తేలిపోతుంది. ఎండలో నిలిపిన కారు తలుపు తీసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. లోపలికొచ్చిన వేడినంతా ఏసీ తోడిపోయాలి. పైగా తెరల మీద వెలుగు కొడుతోందని పొద్దున పదింటికే పరదాలు లాగి లైట్లు వేసుకుంటారు. కరెంటు పోతే తెరవడానికి కిటికీ ఉండదు, డీజిల్ జనరేటరే గతి.

అసలు పోటీ మట్టి ఇటుకకూ, ఏఏసీ బ్లాకుకూ (గాలి బుడగలతో చేసే తేలిక కాంక్రీటు దిమ్మ) మధ్య.

బావ నేల ఎర్ర చెల్క కావడం అదృష్టం. రేగడైతే తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. సీసాలో సగం మట్టి, సగం నీళ్లు పోసి ఊపి పెట్టాను. తెల్లారేసరికి అడుగున ఇసుక మందంగా, పైన బంక పలుచగా పేరుకుంది. ఇలాంటి మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి మిషన్లో ఒత్తితే ఇటుక అవుతుంది. బట్టీ లేదు, బొగ్గు లేదు. తొమ్మిదంగుళాల బరువైన గోడ వేడిని ఏడెనిమిది గంటలు ఆపుతుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటి ఎండ లోపలికి చేరేది రాత్రి పదింటికి. అప్పటికి అందరూ ఇంటికి పోయుంటారు.

పోయుంటారా? అదే అడిగాను. "సగం మంది అమెరికా షిఫ్టేరా, సాయంత్రం ఆరింటికి వస్తరు" అన్నాడు బావ. అక్కడ నా లెక్క తిరగబడింది. పగలంతా దాచుకున్న వేడిని ఆ గోడ సరిగ్గా వాళ్ల వీపు మీదే కక్కుతుంది.

ఏఏసీ బ్లాకు మామూలు ఇటుక బరువులో మూడో వంతే. దాన్నిండా సన్నటి గాలి బొరియలు, అవే వేడిని అడ్డుకుంటాయి. (రామప్ప శిఖరంలోనూ బొరియల తేలిక ఇటుకలే వాడారు, బరువు తగ్గించడానికి.) పొద్దుగూకాక కిటికీలు తెరిస్తే గది త్వరగా చల్లబడుతుంది. అయితే మేకు పట్టదు, ప్లాస్టరింగ్ పగిలితే నీరు పీల్చుకుంటుంది. బావకిచ్చిన సలహా ఇది: పగటి టీముకు తూర్పు వైపు మట్టి ఇటుక, రాత్రి టీముకు పడమర వైపు ఏఏసీ, నడుమ అక్క కోరిన వాకిలి. పడమటి గోడకు టాయిలెట్లు, బ్యాటరీల గది ఆనించి కిటికీలే పెట్టకూడదు. దక్షిణానికి రెండడుగుల సజ్జ చాలు. మే రెండో వారంలో మనకు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినే ఉంటాడు.

అందుకే ఒకే అంతస్తు కట్టేటప్పుడు గోడల కన్నా కప్పు గురించి ఎక్కువ ఆలోచించాలి. పెంకులంటే నాకూ ప్రేమే. కానీ ఏటా మిరుగుకు ముందు గూన సదిరే మనిషి ఇప్పుడేడి? ఇక కోతులు. తాతగారింట్లో ఒకనాడు చూశాను: ఒకటి తీరిగ్గా పెంకు లేపి, కింద తొంగిచూసి, ఏమీ లేదని వాకిట్లోకి విసిరింది. తర్వాత పక్క పెంకు. ఆ వానాకాలం ధాన్యం బస్తాలు తడిశాక పెదనాన్న స్లాబు పోయించాడు.

దానికో నడిమి దారి ఉంది, ఫిల్లర్ స్లాబు. స్లాబు అడుగున ఇనుప చువ్వల మధ్య కాంక్రీటు పెద్దగా బరువు మోయదు. అక్కడ బెంగుళూరు పెంకులు పేర్చి పైన పోస్తే కాంక్రీటు ఆదా. కింద నుంచి చూస్తే పెంకుటిల్లే, కోతికి మాత్రం అందవు. పైన తెల్ల టైలు ముక్కలు పరచాలి. 2023 నాటి కూల్ రూఫ్ పాలసీ ప్రకారం కమర్షియల్ భవనానికి చల్లని కప్పు ఎలాగూ తప్పనిసరి. సోలార్ పలకలు స్టాండు మీద ఎత్తుగా పెడితే స్లాబుకు నీడ కూడా. ఒక కిలోవాటుకు వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. రాత్రి షిఫ్టు ఉంది కనక, పగలు మిగిలిన కరెంటు లైనుకిచ్చి రాత్రి వాడకంలో తీసేయించుకునే నెట్ మీటర్ లేకుండా లాభం లేదు.

హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ ఒకే భవనాన్ని రెండుగా చీల్చి, సగానికి మామూలు ఏసీ, సగానికి స్లాబులో చల్లనీళ్ల పైపులు పెట్టింది. పైపుల వైపు కరెంటు దాదాపు మూడో వంతు తక్కువైంది. నలభై మందికి ఆ హంగు వద్దన్నాను. పైపు కారితే పట్టుకునే మనిషి హసన్‌పర్తిలో దొరకడు. ఫ్యాన్లు తిప్పుకుని ఏసీ 26 మీద పెట్టుకుంటే చాలు.

బావ ఇంకా మెత్తబడలేదు, ఉత్తరం వైపు తలుపు పక్కన ఒక్క పలక అద్దమైనా ఉండాలట. ఉంచుకోనీ. మట్టి ఇటుకలు ఒత్తాక నాలుగు వారాలు తడుపుతూ గట్టిపడనివ్వాలి, అదీ వానలు దిగకముందే. మిషన్ ఉగాదికి రాకపోతే ఆ పని దసరా తర్వాతే.