హోల్‌స్టీనా, జెర్సీయా, క్రాసా? పచ్చిక మీద ఏ ఆవు ఎక్కువ ఈతలు నిలబడుతుంది

న్యూజిలాండ్ ఆవులు ఏడాది పొడుగునా పచ్చికలోనే తిరుగుతాయి కదా, ఇక వాటికేం దిగులు, హాయిగా ముసలయ్యేదాకా బతుకుతాయిలే అనుకుంటాం. ఆవుకి 20 ఏళ్ళ దాకా బతికే సత్తా ఉన్నా అక్కడి మందల్లో ఆ వయసుది కనపడటం కష్టం, ముసలితనం కంటే ముందే క్యాలెండర్ దాని పని పడుతుంది.

సంగతేంటంటే మందలో ఎక్కువ భాగం జులై, ఆగస్టుల్లోనే ఈనాలి, వసంతంలో (అక్కడ అది సెప్టెంబర్ నుంచి) గడ్డి దండిగా లేచేసరికి పాలు పీక్‌లో ఉండాలి కాబట్టి. చూడికాలం దాదాపు 282 రోజులు, 365లోంచి తీసేస్తే మిగిలేది 83, ఆ లోపే ఆవు ఈని, కోలుకుని, ఎదకొచ్చి మళ్ళీ చూడి కట్టాలి. కట్టలేదా, ఎన్ని పాలిచ్చినా సీజన్ చివర్లో చాలావరకు కబేళాకే. ఇదివరకు లేటు ఆవులకి ఇంజెక్షన్ ఇచ్చి ముందుగా ఈనించేవాళ్ళు, 2015లో అది ఆపించేశారు (నెలలు నిండని దూడలు చచ్చేవి, ఆపడమే మంచిదైంది), దాంతో ఆ దారీ మూసుకుపోయింది.

అందుకే జాతిని ఎంచేటప్పుడు లీటర్ల కంటే ముందు చూడి చూడాలి.

హోల్‌స్టీన్, అందులోనూ అమెరికా రక్తం ఎక్కువున్నది, పాలల్లో దానికి తిరుగులేదు గానీ దాణా లేకుండా గడ్డి మీదే అన్ని పాలివ్వాలంటే ఒంట్లో కొవ్వు కరిగించుకుని ఇస్తుంది, చిక్కిపోతుంది, చిక్కిన ఆవు టైముకి ఎదకి రాదు. ఐర్లాండ్ వాళ్ళు 1980లు, 90ల్లో ఈ రకం బాగా పెంచి, చూడి రేటు పడిపోయాక గానీ మేల్కోలేదు, 2001లో ఈబీఐ (ఎకనామిక్ బ్రీడింగ్ ఇండెక్స్) అని కొత్త లెక్క పెట్టి, పాలతో పాటు చూడికి, మందలో నిలబడే కాలానికి కూడా మార్కులేయడం మొదలెట్టారు.

జెర్సీ చిన్నది, తొందరగా చూడి కడుతుంది, పాలు తక్కువైనా వెన్న ఎక్కువ, న్యూజిలాండ్‌లో డబ్బులిచ్చేది కొవ్వు, ప్రొటీన్ కిలోలకే కాబట్టి పెద్ద నష్టం లేదు. దీనికున్న తిప్పలు పాలజ్వరం, అంటే ఈనగానే రక్తంలో క్యాల్షియం పడిపోవడం. ఈనిన ఒకట్రెండు రోజుల్లో కూలబడుతుంది, వెంటనే క్యాల్షియం ఎక్కించకపోతే ప్రాణమే పోవచ్చు, పైగా ఈతలు పెరిగేకొద్దీ రిస్క్ పెరుగుతుంది.

నా ఓటు మాత్రం ఈ రెండిటి క్రాస్‌కే. సంకర బలం, అంటే రెండు జాతులు కలిస్తే దూడకొచ్చే అదనపు సత్తా, బాగా కనిపించేది చూడిలోనూ మందలో నిలబడటంలోనూ, మనకి కావలసిందీ అదే. కాకపోతే మొదటి తరం క్రాస్‌ని మళ్ళీ జెర్సీకే దాటిస్తే ఆ బలం సగానికి పడిపోతుంది, అది గుర్తుంచుకోండి.

జాతి బాగున్నా దారి బాలేకపోతే అంతే సంగతులు. పాలు పితికే షెడ్డుకీ మేతకీ మధ్య రోజుకి రెండుసార్లు రాళ్ళ బాట మీద నడిచీ నడిచీ గిట్టలు దెబ్బతిని కుంటుతుంది, కుంటే ఆవు సరిగ్గా మేయదు, చిక్కిపోయి చూడి తప్పుతుంది. అందుకే కొందరు రోజుకి ఒక్కసారే పితుకుతున్నారు, పాలు తగ్గుతాయి నిజమే గానీ ఆవు ఒళ్ళు చేస్తుంది, నడక సగం తగ్గుతుంది, చూడి మెరుగవుతుంది. పొలం దూరంగా, గుట్టల మీద ఉంటే ఒకసారి పితకడమే మేలంటాను, షెడ్డు పక్కనే చదును నేల ఉండి గడ్డికి లోటు లేకపోతే మాత్రం రెండో పూట పాలు వదులుకోవడం దండగ.

మన చిత్తూరు వైపు జెర్సీ క్రాస్, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ మేపేవాళ్ళు ఈ 83 రోజుల లెక్కని అలాగే పట్టుకోనక్కర్లేదు, మన దగ్గర ఈ ఎద తప్పితే ఇంకో ఎద చూసుకోవచ్చు, ఇక్కడ ముందు చూడాల్సింది ఎండ.