దుకాణంలో స్వాహిలి, స్టేషన్‌లో డచ్చి

దారెస్సలాం నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి నేరుగా విమానం ఉంది. తమ్ముడు టాంజానియాలో, మేనకోడలు నెదర్లాండ్స్‌లో ఉండటంతో రెండు దేశాలూ ఒకే ప్రయాణంలో కలిపేశాం. అక్కడి బీచ్‌ల గురించీ ఇక్కడి కాలవల గురించీ రాసినవాళ్లు బోలెడుమంది. నేను భాషల సంగతి చెబుతాను. గది బేరం దగ్గర్నుంచి రైలు ఎక్కడం దాకా మాకు తేడా తెలిసింది అక్కడే. టాంజానియాలో స్వాహిలి నోటికి కావాలి, నెదర్లాండ్స్‌లో డచ్చి కంటికి కావాలి. నాకు తేలిన లెక్క ఇది.

దారెస్సలాం నుంచి టాంజానియాలోనే ఉన్న జాంజిబార్ దీవికి ఫెర్రీలో రెండు గంటలు. విదేశీయులకి మామూలు తరగతి టికెట్ 35 డాలర్లు, స్థానికులకి ఇంకా తక్కువ. 2024 అక్టోబరు నుంచి ఇంకో ఖర్చు కలిసింది. మన దగ్గర వేరే పాలసీ ఉన్నా సరే, 44 డాలర్లు పెట్టి వాళ్ల ప్రభుత్వ బీమా తీసుకోవాల్సిందే. బీమాని వాళ్లూ బీమా అనే అంటారు. రేవుని బందారి అంటారు; మాది బందరు కాబట్టి ఆ బోర్డు చూడగానే ప్రాణం లేచొచ్చింది. దుకా అంటే దుకాణం, లాకి అంటే లక్ష, ఆటో పేరు ఏకంగా బజాజీ. హిందూ మహాసముద్రం మీద శతాబ్దాలుగా నడిచిన వర్తకం ఇలా మాటల్లో మిగిలింది. జాంజిబార్ పాత ఊరు స్టోన్‌టౌన్‌లో గది ‘లాకి మోజా’ అంటే లక్ష షిల్లింగులని, అంటే మన మూడువేల పైచిలుకు రూపాయలని వెంటనే అర్థమైపోయింది.

మేం దిగింది సందులో ఉన్న పాత ఇల్లు. ఇత్తడి బొడిపెలు కొట్టిన చెక్కుడు తలుపు, నిటారు మెట్లు, డాబా మీద టిఫిను. తెల్లవారకముందే అజాన్ వినిపిస్తుంది, నిద్ర తేలికైనవాళ్లు వీధివైపు గది తీసుకోవద్దు. ఏసీ ఒకటే గొణుగుతూ ఉండేది. అయినా ఆ డబ్బుకి నాకు ఏ లోటూ కనిపించలేదు.

టైము దగ్గర మాత్రం జాగ్రత్త. ‘సా మోజా’ అంటే మాటకి ఒంటిగంటే గానీ, వాళ్ల లెక్కలో అది ఉదయం ఏడు. మన పంచాంగంలో సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టే వీళ్లూ పొద్దు పొడిచినప్పటినుంచి గంటలు లెక్కపెడతారు. టాక్సీ మాట్లాడుకునేటప్పుడు ఏ లెక్కో అడిగి తేల్చుకోండి.

పలకడానికి మనకి ఇంత హాయైన భాష ఇంకోటి నేను వినలేదు. దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ఆగుతుంది. ఆవుని ‘ఙొంబె’ అంటారు. ఓనమాల్లో దిద్ది వదిలేసిన ఙ పనికొచ్చింది ఇక్కడే. వ్యాకరణమే తలకిందులు. మనం మాట చివర తగిలించేవి చాలావరకు వాళ్లు ముందు తగిలిస్తారు. అరబ్బీ నుంచి తెచ్చుకున్న ‘కితాబు’ని కూడా వదల్లేదు, పుస్తకాలు ఎక్కువైతే ముందున్న ‘కి’ కాస్తా ‘వి’ అయి అది ‘వితాబు’.

దరజాని బజార్లో లవంగాలు అమ్మే పెద్దాయన మొదట ఇంగ్లీషులో ఒక ధర చెప్పాడు, కళ్లు కూడా ఎత్తలేదు. తమ్ముడు నేర్పినట్టు నేను ‘షికమో’ అన్నాను. పెద్దవాళ్లకి మాత్రమే పెట్టే దణ్ణం అది. ఆయన చేతిలో తక్కెడ పక్కన పెట్టి ‘మరహబా’ అన్నాడు, పీట జరిపాడు, ఎక్కడివాళ్లమో అడిగాడు. ‘పుంగుజ కిడోగో’, కొంచెం తగ్గించండి అన్నాక ధర దాదాపు సగమైంది, పైన రెండు దాల్చిన ముక్కలు. దారినపోయే టూరిస్టు ‘జాంబో’ అని పలకరిస్తే ఈ మర్యాద దొరకదు. పుస్తకాల స్వాహిలికి ఈ ఊరి యాసే ఆధారం. 1928లో మొంబాసాలో జరిగిన సమావేశం అలా ఖాయం చేసింది. అందుకేనేమో తప్పు పలికితే దిద్దుతారు గానీ నవ్వరు. శాకాహారులు ‘సిలి న్యామా’, మాంసం తినను, అని నేర్చుకుంటే చాలు. అన్నం, కొబ్బరిపాల చిక్కుడుగింజలు ఎక్కడైనా దొరుకుతాయి. ఫొరొధానీ తోటలో సాయంత్రం తిండి బళ్లు చూడటానికి బాగుంటాయి, రేట్లు మాత్రం టూరిస్టులవే.

ఇక డచ్చి. మా ఊళ్లో వలందపాలెం ఉంది, 1605లో వచ్చి దిగిన డచ్చివాళ్ల సమాధులున్నాయి. ఆ రాళ్లమీది భాష నోట్లో ఎలా ఉంటుందో ఇప్పుడు విన్నాను. గొంతులోంచి గీరుకుంటూ వచ్చే ‘ఖ’ మనవల్ల కాదు. హేగ్ నగరంలోని స్ఖేవెనింగెన్ బీచ్ పేరు ట్రాములో చెప్పబోతే డ్రైవరు ఇంగ్లీషులోకి మారిపోయాడు. ఎవరైనా అంతే. నోరు తెరిచి డచ్చి మొదలుపెట్టండి, జవాబు చక్కటి ఇంగ్లీషులో వస్తుంది. ఉత్సాహం నీరుగారిపోతుంది.

కానీ రాసి ఉన్నవి చాలావరకు డచ్చిలోనే. మాట్లాడటం రాకపోయినా ఇబ్బంది లేదు, చదవడం రాకపోతేనే టెన్షన్. స్టేషన్ బోర్డు మీద ‘స్పోర్’ అంటే ప్లాట్‌ఫారం, ‘ఫెర్‌త్రాఖింగ్’ అంటే లేటు, ‘రైట్ నీట్’ అంటే ఆ రైలు లేదు. చిన్న రైళ్లలో ప్రకటన ఒక్కోసారి డచ్చిలోనే వచ్చి ఆగిపోతుంది. బ్యాంకు కార్డు తాకించి ఎక్కొచ్చు, దిగాక మళ్లీ తాకించకపోతే డబ్బు ఎక్కువ కోస్తారు. ‘అలేన్ పిన్నెన్’ అని రాసిన కొట్లో నోట్లు చెల్లవు. సీసా మీద ‘స్తాట్సీఖెల్ట్’ అంటే డిపాజిట్ కట్టినట్టు. చిన్నదానికి 15 సెంట్లు, పెద్దదానికి 25, ఖాళీ సీసా మెషీన్లో వేస్తే తిరిగొస్తాయి. ‘కర్నెమెల్క్’ పాలు కాదు, మజ్జిగ. ఉప్పేసుకుని తాగితే అచ్చం మనదే, మా ఆవిడకి ప్రాణం నిలిచింది. ఇంగ్లీషుకి దగ్గరి చుట్టం కాబట్టి ఈ మాటలు రెండు పూటల్లో కంటికి అలవాటైపోతాయి. టైములో వీళ్లకీ ఒక మెలిక ఉంది: ‘హాల్ఫ్ టీన్’ అంటే పదిన్నర కాదు, తొమ్మిదిన్నర.

బస ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్టుకోకండి. అక్కడ గది అద్దె మీద 12.5 శాతం టూరిస్టు పన్ను. మేం ఉత్రెక్త్‌లో ఉన్నాం, రైల్లో అరగంట. గది శుభ్రం, మాటల్లో మర్యాద, అంతకుమించి పలకరింపు ఏమీ లేదు. మెట్లు జాంజిబార్ కంటే నిటారు, పెట్టె మోసేవాళ్లు లేరు. స్టేషన్లో కక్కసుకి కూడా డబ్బులే.

నెలలు చూసుకుని వెళ్లండి. మార్చి నుంచి మే దాకా జాంజిబార్‌లో పెద్ద వానలు, ట్యూలిప్ తోటలు చూడాలంటే సరిగ్గా అప్పుడే వెళ్లాలి. రెండూ ఒకే ప్రయాణంలో కావాలంటే జూన్ ఆఖర్లో బయల్దేరండి, ట్యూలిప్‌ల మీద మాత్రం ఆశ వదులుకోండి.