పెద్ద వయసులో ఇల్లు మారాలంటే: విడి ఇల్లా, ఫ్లాటా, సీనియర్ లివింగా, పిల్లల దగ్గరా?

ఇల్లు చూడటానికి దంపతులిద్దరూ కలిసే వెళ్తారు. ఆ ఇంట్లో చివరికి మిగిలేది మాత్రం చాలాసార్లు ఒక్కరే. కారు నడిపే మనిషి లేకపోతే? బ్యాంకు పనులన్నీ చూసే మనిషి మంచాన పడితే? అందుకే ధర, వాస్తు, బాల్కనీ కంటే ముందు నేను అడిగేది ఒకటే: మీ ఇద్దరిలో తక్కువ ఓపిక ఉన్నవాళ్ళు ఈ ఇంట్లో ఒంటరిగా నెట్టుకురాగలరా? నాలుగు రకాల ఇళ్ళనూ ఈ ప్రశ్నతోనే చూద్దాం.

విడి ఇంట్లో ఉన్న స్వేచ్ఛ ఇంకెక్కడా రాదు. పైనుంచి చప్పుడు ఉండదు, నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు, గడప తీసేయాలన్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒకే అంతస్తు అయితే లిఫ్ట్ బాధా లేదు. కానీ గేటు నుంచి తలుపు దాకా ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. వీల్‌చైర్ ర్యాంపుకి అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది మామూలుగా వాడే లెక్క. అంటే రెండడుగుల ఎత్తున్న ఇంటికి 24 అడుగుల ర్యాంపు కావాలి. చాలా ఇళ్ళ ముందు అంత జాగానే ఉండదు. "అవసరమైనప్పుడు కట్టించుకుందాంలే" అనే మాట అక్కడితో ఆగిపోతుంది. ఇక పైకప్పు కారినా, మోటారు కాలినా, గేటు తుప్పు పట్టినా మనిషిని పిలిపించి, బేరమాడి, పక్కన నిలబడి పని చేయించుకోవాల్సింది మీరే. ఇప్పటిదాకా ఆ పనులన్నీ ఒక్కరే చూసుకుంటూ వచ్చి ఉంటే, రెండోవారికి ఆ ఇల్లు బరువే.

ఫ్లాట్‌లో ఆ టెన్షన్ సగం తగ్గుతుంది, బదులుగా నెలనెలా మెయింటెనెన్స్ కట్టాలి. అది పెరిగినంత వేగంగా అందరి పెన్షన్లూ పెరగవు. అసలు చూడాల్సింది లిఫ్ట్‌ని. రెండు ఉన్నాయా? కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుందా? స్ట్రెచర్ పడుతుందా? రోడ్డు నుంచి లిఫ్ట్ దాకా మెట్లున్నాయా? లిఫ్ట్ ఉన్నా, దాని ముందే నాలుగైదు మెట్లు ఎక్కాల్సిన బిల్డింగులు కొల్లలు. పై అంతస్తులో గాలీ వెలుతురూ బాగుంటాయి, నిజమే. లిఫ్ట్ ఆగిన రోజు మాత్రం అది జైలే. నా ఓటు ఒకటో రెండో అంతస్తుకి. తప్పనిసరైతే మెల్లగా మెట్లు దిగొచ్చు, ఎవరైనా కుర్చీలో కూర్చోబెట్టి దించనూ దించొచ్చు.

విడి ఇల్లయినా ఫ్లాటయినా ఎక్కువసేపు చూడాల్సింది బాత్రూమ్‌ని. హాలు పది నిమిషాలు చూసి, బాత్రూమ్‌లోకి తల మాత్రం పెట్టి వచ్చేస్తారు చాలామంది. 65 దాటినవాళ్ళలో ఏటా 28 నుంచి 35 శాతం మంది ఎక్కడో ఒకచోట పడుతున్నారని, 70 దాటాక అది 32 నుంచి 42 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తడి నేల, ఇరుకు జాగా, కూర్చుని లేవడం, ఈ మూడూ కలిసేది బాత్రూమ్‌లోనే. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడిపోయిన మనిషి దానికే అడ్డంగా ఉంటే బయటివాళ్ళు తియ్యలేరు. బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరగాలి. టేపు తీసుకెళ్ళండి. తలుపు పూర్తిగా తీశాక మిగిలే దారి 32 అంగుళాలు ఉండాలి. తలుపు మందం కూడా కొంత మింగేస్తుంది కాబట్టి చట్రం కొలిస్తే చాలదు. వీల్‌చైర్ తిరగాలంటే లోపల ఐదడుగుల జాగా కావాలి. కమోడ్ పక్కన గోడ గట్టిదో కాదో తట్టి చూడండి, పట్టుకుని లేవడానికి పలుచటి పార్టిషన్‌కి బిగించిన కడ్డీ మనిషి బరువుకి ఊడొస్తుంది. టవల్ వేసుకునే కడ్డీని పట్టుకుని లేద్దామనుకోవడం అంతకంటే ప్రమాదం.

ఇంకోటి, ఇంటిని సాయంత్రం కూడా ఒకసారి చూడండి. ఇరవై ఏళ్ళ వయసులో కంటి లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ళకి సుమారు మూడో వంతే చేరుతుంది. మధ్యాహ్నం ధగధగలాడిన వరండా రాత్రికి మీ కళ్ళకి గుహలా అనిపించొచ్చు.

సీనియర్ లివింగ్‌లో, అంటే పెద్దవాళ్ళ కోసమే కట్టి నడిపే సముదాయాల్లో, ఈ కొలతలన్నీ మామూలుగా నిర్వాహకులే చూసుకుంటారు. భోజనం, నర్సు, కబుర్లకి మనుషులు, అన్నీ ఒకేచోట. మిగిలిన ఒక్కరికి ఇదే భద్రమైనదని పైకి అనిపిస్తుంది. అయితే ఆ పేరు కింద మూడు రకాల వసతులున్నాయి: సొంతంగా తిరిగేవాళ్ళకి, స్నానానికో మందులకో సాయం కావాల్సినవాళ్ళకి, మంచాన ఉన్నవాళ్ళకి. బ్రోచర్లో నవ్వుతూ కనిపించేవాళ్ళంతా మొదటి రకమే. నేను లేవలేని స్థితికి వస్తే ఇక్కడే ఉంచుతారా, ఇంకెక్కడికైనా వెళ్ళమంటారా? ఒకరికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వస్తే ఇద్దరం ఒకే గదిలో ఉండొచ్చా? ఒకరు పోతే రెండోవారి చార్జీ ఎంత? డిపాజిట్ తిరిగిచ్చేది ఖాళీ చేసినప్పుడా, ఆ గదిలోకి ఇంకొకరు చేరాకా? జవాబులు నోటితో చెప్తే సరిపోదు, అగ్రిమెంటులో ఉండాలి. మీరు కొనేది ఆస్తినా, బతికున్నంతకాలం ఉండే హక్కునా అన్నది కూడా అందులోనే తేలుతుంది. ఆస్తే అయినా, ఫలానా వయసు దాటినవాళ్ళే ఉండాలన్న షరతు ఉంటే రేపు అమ్ముకోవడం అంత తేలిక కాదు. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో సెలవు రోజు సాయంత్రం వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

పిల్లల దగ్గరికి వెళ్ళడం గురించి నా అభిప్రాయం చిన్నదే: ఒకే ఇంట్లో కాదు, నడిచి వెళ్ళేంత దూరంలో. ఒకే ఇల్లు తప్పకపోతే మీ గది, మీ బాత్రూమ్, మీ తాళంచెవి ఉండాలి. మీ ఇల్లు అమ్మిన డబ్బు వాళ్ళ ఇంట్లో పెడితే కాగితం మీద మీ పేరుండాలి. ఇది అడగడానికి చాలామందికి మొహమాటం అడ్డొస్తుంది. తర్వాత అడగడం ఇంకా కష్టం. పైగా వాళ్ళకి ఉద్యోగం మారి ఇంకో ఊరు వెళ్తే, తెలిసినవాళ్ళు లేనిచోట మీరు మిగులుతారు.

నన్నడిగితే, ఇద్దరూ తిరగగలిగినంతకాలం, తెలిసిన మనుషులున్న పేటలో ఒకటో రెండో అంతస్తు ఫ్లాటే మేలు. విడి ఇల్లయితే, అదే ఆవరణలో నమ్మకమైనవాళ్ళు ఇంకెవరైనా ఉంటేనే. పిల్లలు దూరంగా ఉండి, ఒకరికి పార్కిన్సన్స్ లాంటి పెరిగే జబ్బు మొదలైతే సీనియర్ లివింగ్‌నే ముందుకు తెస్తాను, అదీ ఆలస్యం చెయ్యకుండా, కొత్తవాళ్ళతో పరిచయాలు పెంచుకునే ఓపిక ఉండగానే. ఎంపిక ఏదైనా మొదటి ఏడాది కొనొద్దు, వీలుంటే అద్దెకి దిగండి. పాత ఇంటిని కూడా అప్పటిదాకా అద్దెకిచ్చి ఉంచండి, అమ్మకండి.