మార్గో వెండి కంకణాల్లో మీనా (కరిగించిన రంగు గాజు పూత) ఉన్నది మేలా, లేనిది మేలా?

మెక్సికోలో తాస్కో వెండి పనికి పేరున్న ఊరు. అక్కడ విలియం స్ప్రాట్లింగ్‌లాంటి నగల రూపకర్తలు స్పెయిన్ వాళ్లు రాకముందరి మెక్సికో బొమ్మలనే వెండిలోకి దించారు. అదే ఊళ్లో వెండి నగలు చేయించిన మార్గో దారి వేరు. అమెరికా నుంచి వచ్చిన ఈవిడ భర్త ఆంటోనియో కాస్టిల్లోతో విడిపోయి, 1948లో సొంత దుకాణం పెట్టుకుంది. ఈజిప్టు, జపాన్, ఐరోపా, ఎక్కడి అందం నచ్చితే దాన్ని తెచ్చుకుంది.

ఆవిడ దుకాణం ముద్ర ఉన్న కంకణాలు నా దగ్గర రెండున్నాయి. ఒకటి ఆకుపచ్చ మీనా వేసిన పాము. రెండోది ఉత్త వెండి, అంచు పొడవునా గ్రీకు కుండల మీద కనిపించే కెరటాల సుడులు. "ఒకటే కొనుక్కోవాలంటే ఏది?" అని మా చెల్లెలు అడిగింది.

కంటికి మాత్రం పామే. పాత రోమన్ నగరం పాంపేయి తవ్వకాల్లో దొరికిన బంగారు పాము కంకణాల వరస అది. నాగవంకీ ఎరిగిన మనకి వింతేమీ కాదు. ఒక్కో పొలుసూ విడి ముక్క, కీళ్లతో కలిపారు. చేతికి పెట్టుకుంటే నిజంగానే మెలికలు తిరుగుతుంది. వెండి రేకుని అచ్చు మీద నొక్కి, ఆ గుంటల్లో తడి గాజు పొడి నింపి, దాదాపు 800 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. రంగంటే ఇక్కడ గాజే కాబట్టి ఇన్నేళ్లయినా వెలవదు.

కానీ గాజు గాజే. టైల్స్ మీద ఒక్కసారి పడితే పెచ్చు లేస్తుంది. సరిగ్గా బాగు చేయాలంటే మళ్లీ కొలిమిలో పెట్టాలి. నగలకి వాడే స్టెర్లింగ్ వెండి కూడా దాదాపు 800 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది, పాత అతుకులు అంతకంటే ముందే వదిలేస్తాయి. అందుకే చాలామంది పెచ్చు లేచిన చోట రంగు కలిపిన జిగురు పూసేసి ఊరుకుంటారు. నాకు అమ్మినాయన "ఒక్క గీత కూడా లేదు" అన్నాడు. ఇంటికొచ్చి దీపం కింద అటూ ఇటూ తిప్పితే, తోక దగ్గర ఒక పొలుసు నెయిల్ పాలిష్‌లా మందంగా మెరిసింది. భూతద్దంలో చూస్తే అందులో చిన్న గాలిబుడగ.

ఉత్త వెండికి ఈ టెన్షన్ లేదు. సొట్ట పడితే మంచి కంసాలి సరిచేస్తాడు. నల్లబడితే మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. సుడుల లోపలి నలుపు మాత్రం కావాలని ఉంచింది, దాన్ని తోమేస్తే పని కళ పోతుంది. పాముని అసలు చింతపండుతో తోమకండి, పులుపు కొన్ని రంగుల మెరుపుని తినేస్తుంది.

ఏది కొన్నా వెనక ముద్ర చూడండి. వెండి నాణ్యతకి గుర్తుగా మెక్సికో ప్రభుత్వం 1948లో గద్ద ముద్ర తెచ్చింది. 1979 నుంచి దాని బదులు అక్షరాలూ అంకెలూ వచ్చాయి. ఆ అక్షరాలున్న నగని "యాభైల నాటిది" అంటే నమ్మకండి.

చెల్లెలు రోజూ ఆఫీసుకి వేసుకెళ్లే మనిషి కదా, సుడుల కంకణంలాంటిదే కొనుక్కోమన్నాను. "అయితే పాము నాకిచ్చెయ్యి, ఎలాగూ అతుకు వేసిందేగా" అంది. ఆ ఒక్కటీ అడగొద్దన్నాను.