ఆటోనగర్‌లో కారు వైరింగ్ షాపు: మీటరు పెట్టాకే మాట

విజయవాడ ఆటోనగర్‌లో కారు వైరింగ్ పని మాత్రమే చేసే ఒక చిన్న షాపు గురించి రాస్తున్నాను. పనికి అయిదుకు అయిదు ఇస్తాను. మిగతావాటికి మూడిచ్చినా ఎక్కువే.

మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మా డీజిల్ కారులో సీట్ల దాకా నీళ్లొచ్చాయి. ఇన్సూరెన్సులో బాగుచేయించాం, కొన్నాళ్లు బాగానే తిరిగింది. ఆ తర్వాత కొత్త రోగం పట్టుకుంది. నడుస్తుండగానే ఆర్‌పీఎం ముల్లు టక్కున సున్నాకి పడిపోయేది, మీటర్ బోర్డు మీద లైట్లన్నీ వెలిగేవి. ఇంజిన్ మాత్రం ఆగేది కాదు. ఎక్కడైనా ఆపి మళ్లీ తాళం తిప్పితే ఒక్కోసారి స్టార్ట్ అయ్యేది కాదు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని ఊరు దాటాలంటే టెన్షన్.

సర్వీస్ సెంటర్‌వాళ్లు స్కానర్ పెట్టారు. యూ0100 అని కోడ్ వచ్చింది. ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్, అంటే ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్, పలకడం లేదని దాని అర్థం. అంతే, మాడ్యూల్ పోయిందన్నారు. కొత్తది, తాళాల కోడింగ్ కలిపి రూ. 46,000 అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నేను కరెంటు డిపార్టుమెంటులో చేసి రిటైరైనవాణ్ణి. సబ్‌స్టేషన్‌లో ఫోను ఎత్తకపోతే ఆపరేటర్ లేడని కాదు, లైను తెగి ఉండొచ్చు. ఆ ముక్కే అడిగాను. కంప్యూటర్ అలా చూపిస్తోందండీ అన్నారు.

ఈ షాపు కుర్రాడు ఎస్టిమేట్ కాగితం చూడనే లేదు. "ముందు లైను చూద్దాం బాబాయ్ గారూ" అని బ్యాటరీ నెగటివ్ ఊడదీశాడు. కాసేపాగి, స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చే సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటరు పెట్టాడు. మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను తీగలు రెండూ అక్కడికొస్తాయి. లైనుకి రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది. రెండూ పేరలల్‌లో ఉంటాయి కాబట్టి 60 ఓమ్‌లు చూపించాలి. మా కారుకి 120 చూపించింది. అంటే ఒక చివర లైనులో లేనట్టే.

తర్వాత డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి, వైరింగ్ కట్టను జానెడు జానెడు చొప్పున కదుపుతూ వెళ్లాడు. మీటరు నాకిచ్చి పట్టుకోమన్నాడు. పక్క ప్యానెల్ కింద కనెక్టర్ దగ్గరికి రాగానే అంకె 60కి దిగింది, చెయ్యి తీయగానే మళ్లీ 120. కనెక్టర్ ఊడదీస్తే లోపల పచ్చటి చిలుము, ఒక పిన్ను సగం తినేసి ఉంది. ఇంజిన్ మాడ్యూల్‌కి వెళ్లే తీగ అదే.

అక్కడితో ఆపలేదు, అదీ నాకు నచ్చింది. బ్యాటరీ మళ్లీ తగిలించి, ఇగ్నిషన్, హెడ్‌లైట్లు ఆన్ చేసి, బాడీ ఎర్త్ బోల్టుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య ఓల్టేజీ చూశాడు. 0.6 వచ్చింది. 0.1 చుట్టుపక్కల ఉండాలట. బోల్టు విప్పి, తుప్పు గీకి, తీగ చివర ఉండే లగ్గు మార్చాడు. కనెక్టర్‌కి కొత్త పిన్నులు క్రింప్ చేసి స్లీవ్ వేశాడు. క్యాన్ తీగలు రెండూ మెలితిరిగి ఉండాలి, లేకపోతే పక్క తీగల గోల లైనులోకి వస్తుంది. అతను ఆ మెలికను కనెక్టర్ అంచు దాకా అలాగే ఉంచాడు. చాలాచోట్ల దాన్ని విప్పేసి టేపు చుట్టి పంపిస్తారు. చివర్లో మళ్లీ మీటరు పెట్టి 60 చూపించాకే కోడ్ చెరిపాడు. మొత్తం రూ. 2,800 తీసుకున్నాడు. వానాకాలం గడిచింది, ముల్లు మళ్లీ పడలేదు.

ఇక లోపాలు. ఫోను ఎత్తడు. ఉదయం పదింటికి రమ్మంటే మధ్యాహ్నం భోజనాల వేళకి కారు ముట్టుకుంటాడు. కూర్చోవడానికి పాత లారీ సీటు ఒకటే, అదీ ఎండలో. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చాడు, కాబట్టి ఇన్సూరెన్సు క్లెయిమ్‌కి పనికిరాదు. కారు వారంటీలో ఉంటే తీగలు కోయించే ముందు ఆలోచించుకోండి. ఆదివారం షాపు తీయడు. వెళ్లేటప్పుడు కారు తాళాలు రెండూ, గొడుగూ పట్టుకెళ్లండి.