మెయిల్ ఫార్వర్డింగ్ ప్లాన్: చవకే కానీ 5కి 2 స్టార్లే

నరసాపురంలో మాది లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు అల్లిన టేబుల్ క్లాత్‌లు, డోయిలీలు బయటి దేశాలకు పంపుతాం. కొట్టు పేరుతో డొమైన్ కొన్నప్పుడు చవగ్గా వస్తోందని ఫార్వర్డింగ్ ప్లానే తీసుకున్నాను; ఇందులో సొంత మెయిల్‌బాక్స్ ఉండదు, వచ్చిన మెయిల్‌ని మనం చెప్పిన వేరే అడ్రస్‌కి పంపేస్తారు. ఆర్డర్ల అడ్రస్‌కి వచ్చినవన్నీ నా జీమెయిల్‌లో పడేవి. ఏడాదిపాటు ఏ గొడవా లేదు.

ఓ రోజు ఇటలీ ఆవిడ వాట్సాప్‌లో అడిగారు: "మీకు పెట్టిన మెయిల్ తిరిగొచ్చింది. అందులో ఎవరిదో జీమెయిల్ అడ్రస్ ఉంది, ఎవరది?" అది నాదే! ఆవిడకి నేనెప్పుడూ ఇవ్వని అడ్రస్. తల కొట్టేసినట్టయింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మా వైపు అంతా బాగానే ఉందండి, పంపినవాళ్ళ దగ్గరే తేడా" అన్నాడు. బాగానే ఉంటే నా ఆర్డరేదండీ?

మా తోడికోడలి కొడుకు వచ్చి, స్పామ్‌లో పడిన ఇంకో బయ్యర్ మెయిల్‌లో మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తీశాడు. మెయిల్ అసలుదో కాదో చూసే తనిఖీలు మూడూ ఫెయిల్: ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వర్ ఆ డొమైన్ ఇచ్చిన లిస్టులో ఉందా), డీకిమ్ (మెయిల్ దారిలో మారలేదని చూపే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండిట్లో ఒకటైనా ఫ్రమ్‌లోని డొమైన్ పేరు మీదే నెగ్గిందా). "జీమెయిల్‌కి ఇది ఈ ఫార్వర్డింగ్ కంపెనీ సర్వర్ నుంచి వచ్చింది పిన్నీ. బయ్యర్ లిస్టులో ఆ సర్వర్ ఉండదు కదా, ఎస్‌పీఎఫ్ పోవడం మామూలే. సంతకం ఎందుకు పోయిందో చూద్దాం" అన్నాడు. మెయిల్ అడుగున దొరికింది: వైరస్ తనిఖీ చేశామంటూ ఈ కంపెనీ అతికించిన ఒక లైను. సీలేసిన లేసు పార్శిల్‌ని దారిలో విప్పి, తన చీటీ పెట్టి మళ్ళీ కుట్టినట్టు! డీకిమ్ సంతకం అక్కడే చెడింది. తప్పు మాత్రం పంపినవాళ్ళదట.

మళ్ళీ పోట్లాడితే ఎస్ఆర్ఎస్ ఆన్ చేశారు; అంటే ఫార్వర్డ్ చేసేటప్పుడు, కవరు మీద ఉన్నట్టుండే పంపినవాళ్ళ అడ్రస్‌ని తమ డొమైన్‌కి మార్చే పద్ధతి. ఎస్‌పీఎఫ్ పాసయింది, కాకపోతే వాళ్ళ డొమైన్ పేరు మీద. ఫ్రమ్‌లో ఉన్నది బయ్యర్ డొమైన్. రెండూ కలవక డీమార్క్ మళ్ళీ ఫెయిలే. ఆ లైను తీయించాకే డీకిమ్ నిలబడి మెయిల్ ఇన్‌బాక్స్‌కి చేరింది. దీనికి 11 రోజులు పట్టింది.

ఫార్వర్డ్ చేసేవాళ్ళు తమకి అందినప్పుడు మెయిల్ తనిఖీలో నెగ్గిందో లేదో రాసి, దాని మీద తమ సంతకం పెట్టే ఏఆర్‌సీ అనే పద్ధతి ఒకటుంది. అది మీ దగ్గర ఉందా అంటే ఇప్పటికీ జవాబు లేదు. గడువు తీరగానే మెయిల్‌బాక్స్ ఉన్న ప్లాన్‌కి మారిపోతున్నాను. ఇటలీ ఆవిడ మాత్రం ఆర్డర్లు వాట్సాప్‌లోనే పెడుతున్నారు.