మెదక్ కేథడ్రల్‌కు శ్రీకాకుళం నుంచి వెళ్ళేవారికి

మెదక్ కేథడ్రల్ చూడాలనుకునేవారు టికెట్లు తీయించుకోవడానికి ముందే ఒక సంగతి తేల్చుకోవాలి: ఎండ ఉండగా ఆ చర్చి లోపల ఎంతసేపు గడపగలరు? ఆ కట్టడం అందమంతా అక్కడున్న మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలలో ఉంది. అవి బయటి వెలుతురు పడితేనే రంగులు చూపిస్తాయి గనుక, పొద్దు వాలాక లోపల ఎన్ని దీపాలు వెలిగించినా ప్రయోజనం ఉండదు. శ్రీకాకుళం నుంచి ఒక రాత్రి రైలులో గడిపి, మరో వంద కిలోమీటర్లు బస్సులో వెళ్ళి, చీకటి పడే వేళకు అక్కడ దిగడం కంటే వెళ్ళకపోవడమే మేలు.

ఈ మాట అనడానికి కారణముంది. మా పట్టణంలోని ఒక ట్రావెల్స్ వారు హైదరాబాద్ యాత్ర అని చార్మినార్, గోల్కొండ, హుస్సేన్ సాగర్‌లతో పాటు మెదక్‌ను కూడా కలిపి అమ్మారు. పేపరు మీద అన్నీ ఉన్నాయి. తీరా చూస్తే ఉదయమంతా నగరంలో ట్రాఫిక్‌కు, మధ్యాహ్నం భోజనానికి, దారిలో టీకి పోగా, మెదక్ చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. లోపలికి వెళ్ళి తలెత్తితే కిటికీలు రాయని నల్లపలకల్లా ఉన్నాయి. డ్రైవరు హారను కొడుతుంటే అందరూ ఆవరణలో నిలబడి గోపురంతో ఫోటోలు దిగి తిరిగి బస్సెక్కారు. అందుకే ప్యాకేజీ యాత్రలో భాగంగా కాకుండా, విడిగా, సొంత ఏర్పాటుతో వెళ్ళాలని నా సలహా.

ప్రయాణం అంత కష్టమేమీ కాదు. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషనులో గాని, విజయనగరంలో గాని మధ్యాహ్నం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాద్ చేరవచ్చు. ఫలక్‌నుమా, ఈస్ట్‌కోస్ట్ కూడా ఈ దారిన వెళ్ళేవే. అయితే ఈ మధ్య కొన్ని రైళ్ళను సికింద్రాబాద్ బదులు నగర శివారులోని చర్లపల్లి స్టేషనుకు మార్చారు కాబట్టి, తమ బండి చివరికి ఎక్కడ ఆగుతుందో టికెట్ తీసేటప్పుడే చూసుకోవాలి. సికింద్రాబాద్‌లో దిగితే జూబ్లీ బస్ స్టేషన్ దగ్గరే. అక్కడి నుంచి మెదక్‌కు ఆర్టీసీ బస్సులు బాలానగర్, నర్సాపూర్ మీదుగా వెళ్తాయి. కాచిగూడ నుంచి మెదక్‌కు 2022లో రైలు కూడా వచ్చింది గాని, సమయం మన చేతిలో ఉండాలంటే బస్సే నయం. మెదక్ చిన్న పట్టణం; సామాను హైదరాబాద్‌లో దించుకుని, పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడం వీలుగా ఉంటుంది.

ఇక కట్టడం విషయానికి వస్తే, వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దీన్ని తలపెట్టారు. 1914లో పని మొదలైంది. అదే కాలంలో మొదటి ప్రపంచ యుద్ధం, దాని వెంట ఆ ప్రాంతంలో కరువు వచ్చాయి. ఊరికే దానం చేయడం కంటే పని చూపించి తిండి పెట్టడం మంచిదని భావించి, చుట్టుపక్కల పల్లెల వారికి ఈ నిర్మాణంలో పని ఇచ్చి ధాన్యం కొలిచారు. ఉపాధి హామీ పనికి గునపం పట్టుకెళ్ళిన మన జిల్లాల వారికి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కరలేదు. పదేళ్ళ తరువాత, 1924 డిసెంబరు 25న, చర్చిని ప్రతిష్ఠించారు. 1947లో దక్షిణాది ప్రొటెస్టెంటు సంఘాలు కొన్ని కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా ఏర్పడ్డాక ఇది మెదక్ డయాసిస్‌కు, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతానికి, బిషప్ పీఠమయింది. 2024లో నూరేళ్ళు నిండాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కెనడా బాప్టిస్టు మిషనరీల నాటి చర్చిలను చూస్తూ పెరిగినవారికి ఇక్కడ మొదట కొంత తికమకగా ఉంటుంది. మన వైపు ప్రార్థన మందిరమంటే వేదిక, బల్లలు, గోడ మీద ఒక బైబిలు వాక్యం. ఇక్కడ గోథిక్ పద్ధతిలో, అంటే కోసుగా లేచే కమానులుండే పాత ఐరోపా చర్చిల తీరులో, చెక్కిన రాతి కట్టడం, 175 అడుగుల గంట గోపురం, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉన్న ఒకే ఒక విశాలమైన శాల. దాదాపు 5,000 మంది కూర్చోగలిగినంత చోటు అది. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఆ పరిమాణం మరింత బాగా తెలుస్తుంది.

కిటికీలను మాత్రం తీరిగ్గా చూడాలి. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం (పరలోకానికి వెళ్ళడం) అనే మూడు ఘట్టాలు వాటి మీద ఉన్నాయి. వీటిని రూపొందించిన వ్యక్తి ఇంగ్లండుకు చెందిన చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. బయట ఆవరణలో నిలబడి చూస్తే అవి సీసపు గీతలున్న మసక అద్దాలు మాత్రమే. లోపలికి వచ్చి చూస్తే నీలం, ఎరుపు, పసుపు ఒక్కసారిగా వెలుగుతాయి. దగ్గరకు వెళ్ళిన కొద్దీ బొమ్మ చెదిరి, చిన్న చిన్న గాజు ముక్కలు, వాటిని పట్టి ఉంచిన సీసపు పట్టీలు విడివిడిగా కనబడతాయి; పది అడుగులు వెనక్కి వేస్తే మళ్ళీ ముఖాలు ఏర్పడతాయి. ఎండ మబ్బు చాటుకు వెళ్ళి వచ్చినప్పుడల్లా రంగుల గాఢత మారుతుంది కాబట్టి, ఒక్కొక్క కిటికీ ఎదుట కనీసం పావుగంట కూర్చోవాలని చెబుతాను. ఫోటోలలో ఇది పట్టుబడదు.

చాలామంది తల పైకెత్తి నడుస్తూ నేలను గమనించరు. బ్రిటన్ నుంచి తెప్పించిన మొజాయిక్ పలకలు ఎన్ని వేల పాదాలు తొక్కినా రంగు పోకుండా ఉన్నాయి. చెప్పులు బయట విడిచి వెళ్ళడం మర్యాదే కాక, ఆ చల్లదనం అరికాళ్ళకు తగలడం కూడా ఒక లాభం.

తేదీ ఎంచుకోవడంలో ఒక మెలిక ఉంది. క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే రోజుల్లో రాష్ట్రమంతటి నుంచి జనం వస్తారు. భక్తితో వెళ్ళేవారికి ఆ సందడే పండగ, కట్టడం చూడాలనుకునేవారికి మాత్రం ముందున్నవారి వీపులే కనబడతాయి. ఆదివారం ఉదయం ఆరాధన జరుగుతుంది గనుక ఆ సమయంలో కెమెరాలు పట్టుకుని తిరగడం సబబు కాదు. ఆరాధనలో కూర్చునే ఉద్దేశం ఉంటే అదే మంచి సమయం, ఎందుకంటే అంత ఎత్తు పైకప్పు కింద పాట ఎలా వినబడుతుందో అప్పుడే తెలుస్తుంది. నావరకు మామూలు పనిదినం, ఎండ బాగా కాసే ఉదయం, వానాకాలం కాని నెల ఎంచుకుంటాను. వేసవిలో మెదక్ ఎండ మన సముద్రతీరపు ఉక్కపోత లాంటిది కాదు, పొడిగా మాడుస్తుంది; మధ్యాహ్నం ఆవరణలో తిరగడం పిల్లలకు, పెద్దలకు కష్టం.

అక్కడ వినబడే ఒక మాటను మాత్రం పట్టించుకోనక్కరలేదు. వాటికన్ తరువాత ప్రపంచంలో ఇదే పెద్ద చర్చి అని దారిలో ఎవరో ఒకరు చెబుతారు. ఇంతకంటే పెద్ద చర్చిలు ఐరోపాలో ఎన్నో ఉన్నాయి. కరువు కాలంలో పల్లె జనం చేతుల మీదుగా లేచిన కట్టడానికి అలాంటి పోటీ గొప్పలు అవసరమా అని నాకు అనిపించింది.

మధ్యాహ్నం తరువాత సమయం మిగిలితే, ఓపిక ఉన్నవారు పట్టణంలోనే గుట్ట మీదున్న మెదక్ కోట ఎక్కవచ్చు. ఇంట్లో పెద్దవారు అమ్మవారి దర్శనం కూడా కావాలంటే మంజీర ఒడ్డున ఏడుపాయల వనదుర్గ ఆలయం ఉంది. ఆటో మాట్లాడుకుని వెళ్ళి రావచ్చు. వానాకాలంలో మంజీరకు వరద వచ్చినప్పుడు ఆ గుడి నీట మునిగి దర్శనాలు ఆపేస్తారు కాబట్టి, ఆ నెలల్లో వెళ్ళేవారు బయలుదేరే ముందు మెదక్ బస్టాండులోనే ఆటోవారిని అడిగి తెలుసుకోవాలి. తిరుగు బస్సు విషయంలో ఆఖరి బస్సు దాకా ఆగకుండా చీకటి పడకముందే ఎక్కడం మంచిది. సాయంత్రం బాలానగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగాల్సి వస్తుందో ఎవరూ చెప్పలేరు, రాత్రి రైలు ఉన్నవారికి ఆ ఆలస్యం ఖరీదవుతుంది.